పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కి: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి ముందు, రొయ్యల పట్టుబడి డబ్బు చేతికొచ్చాక, గల్ఫ్ నుంచి ఎవరైనా సెలవు మీద దిగినప్పుడు మన గోదావరి జిల్లాల్లో ఇళ్లలోకి కొత్త ఫోన్లు వస్తాయి. ఆ వెంటనే చుట్టాల నుంచి, ఇరుగుపొరుగు నుంచి ఫోన్లు మొదలవుతాయి. పాలకొల్లు నుంచి అడిగినా రాజోలు నుంచి అడిగినా సందేహాలు అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. నేను చూసినంతలో ఫోటోలు, చాట్లు పోగొట్టుకున్నవాళ్లలో చాలామందికి కొత్త ఫోన్ వల్ల నష్టం జరగలేదు. పాత ఫోన్‌ని తొందరపడి చెరిపేయడం వల్ల, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయడం వల్ల జరిగింది. అన్నీ వచ్చాయని మీ కళ్లతో మీరు చూసుకునేదాకా పాత ఫోన్ గడప దాటకూడదు.

## కొనే ముందు, పాత ఫోన్ ఇంకా చేతిలో ఉండగా

కొత్తది తీసుకుంటే పాతది అక్కడే ఎక్స్ఛేంజ్ ఇచ్చేయమంటున్నారు. ఇచ్చేయొచ్చా?

డేటా ఇంటి దగ్గర మార్చుకుని, నాలుగు రోజులాగి ఇస్తానని అడగండి. ఎక్కువమంది షాపువాళ్లు కాదనరు. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడే చిక్కు. డెలివరీకి వచ్చినతను కొత్త ఫోన్ పెట్టె చేతికిచ్చి, పాత ఫోన్ అప్పటికప్పుడు చూసి పట్టుకెళ్లిపోతాడు. గుమ్మంలో నిలబడి ఆ పది నిమిషాల్లో ఏదీ మార్చలేం. అలా కొంటుంటే వాట్సాప్ బ్యాకప్, ఫోటోలు, కాంటాక్టులు అన్నీ ముందు రోజే గూగుల్ అకౌంట్‌లోకి ఎక్కించి, ఫోటోలు, కాంటాక్టులు ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరిచి, వాట్సాప్ బ్యాకప్ తేదీ వాట్సాప్‌లోనే చూసి సరిచూసుకోవాలి. ఎక్స్ఛేంజ్ కింద వచ్చేది వెయ్యో రెండు వేలో అయితే పాత ఫోన్ ఇంట్లో ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

నా జీమెయిల్ ఏదో, పాస్‌వర్డ్ ఏదో నాకు తెలీదండి. అప్పట్లో షాపువాళ్లే పెట్టారు. ఇప్పుడెలా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. పాత ఫోన్ పనిచేస్తున్నంతవరకూ దారి ఉంది. ప్లే స్టోర్ తెరిస్తే కుడివైపు పైన చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే మీ జీమెయిల్ అడ్రస్ కనబడుతుంది. కాగితం మీద రాసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో గూగుల్ అన్న చోటికి వెళ్లి, అకౌంట్ సెక్యూరిటీలో పాస్‌వర్డ్ మార్చండి. పాతది గుర్తులేకపోతే ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కండి. మీరు ఆ ఫోన్‌లో ముందే లాగిన్ అయి ఉన్నారు కాబట్టి చాలాసార్లు ఫోన్ లాక్‌తోనే మీరేనని నిర్ధారించుకుంటుంది.

అక్కడే రికవరీ ఫోన్ నంబర్ ఎవరిదుందో చూడండి. షాపు కుర్రాడిదో, ఎప్పుడో వదిలేసిన పాత నంబరో ఉంటే తీసేసి మీది పెట్టండి. ఇది చేయకుండా పాత ఫోన్ చెరిపేస్తే ఆ అకౌంట్ తిరిగి రావడం చాలా కష్టం. దానిలో ఉన్న ఫోటోలు, కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్ కూడా దానితోపాటే పోతాయి.

ఇంకో సంగతి. నాన్న ఫోన్‌లోనూ కొడుకు జీమెయిలే పెట్టేస్తుంటారు. అప్పుడు ఇద్దరి కాంటాక్టులు, ఫోటోలు కలిసిపోతాయి, ఒకరు చెరిపితే ఇద్దరికీ పోతాయి. కొత్త ఫోన్‌కి మారేటప్పుడే ఎవరి అకౌంట్ వాళ్లకి పెట్టేయండి.

నా నంబర్లన్నీ సిమ్‌లో ఉన్నాయో, ఫోన్‌లో ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

కాంటాక్ట్స్ యాప్‌లో ఏదో ఒక పేరు తెరవండి. అది గూగుల్‌లో ఉందో, సిమ్‌లో ఉందో, ఫోన్‌లో మాత్రమే ఉందో అక్కడ కనబడుతుంది. గూగుల్‌లో ఉన్నవి అదే జీమెయిల్‌తో కొత్త ఫోన్‌లో లాగిన్ అవగానే వచ్చేస్తాయి. సిమ్‌లో ఉన్నవి సిమ్‌తోపాటే వస్తాయి. కానీ సిమ్‌లో సాధారణంగా 250 దాకానే పడతాయి, పేరు కూడా పొడవుగా ఉంటే తెగిపోతుంది. ‘కొబ్బరి దింపు పెద్దబాబు మొగల్తూరు’ అని సేవ్ చేసుకున్నది ‘కొబ్బరి దింపు’ దగ్గరే ఆగిపోతే నలుగురు దింపువాళ్లలో ఎవరో తెలీదు.

ప్రమాదమంతా ఫోన్‌లో మాత్రమే ఉన్నవాటితోనే. వాటికి కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే నంబర్లన్నీ ఒకే ఫైల్‌గా తయారవుతాయి. ఆ ఫైల్‌ని మీ మెయిల్‌కి మీరే పంపుకుని, కొత్త ఫోన్‌లో తెరిచి, గూగుల్ అకౌంట్‌లోకి ఇంపోర్ట్ చేయండి. సిమ్‌లో ఉన్నవాటిని కూడా గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో ‘ఇంపోర్ట్ ఫ్రమ్ సిమ్’తో అక్కడికే చేర్చేస్తే ఇక ముందు ఈ టెన్షన్ ఉండదు.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటున్నాను. అది దొంగ ఫోన్ కాదని ఎలా నమ్మాలి?

డబ్బు ఇవ్వకముందే ఆ ఫోన్‌లో *#06# నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కనబడుతుంది. రెండు సిమ్‌ల ఫోన్‌లో రెండు నంబర్లు ఉంటాయి. మీ ఫోన్ నుంచి కేవైఎమ్ (KYM) అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కి మెసేజ్ పంపండి. కేంద్ర టెలికం శాఖ వారి సంచార్ సాథీ యాప్‌లోనూ చూడొచ్చు. బ్లాక్ లిస్టులో ఉందనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడుకలో ఉందనో వస్తే ఎంత చవకైనా తీసుకోవద్దు. పెట్టె మీది నంబర్, బిల్లు మీది నంబర్, ఫోన్‌లో కనబడిన నంబర్ ఒకటే ఉండాలి.

5జీ ఫోన్‌కి కొత్త సిమ్ కొనాలా?

జియో, ఎయిర్‌టెల్ 4జీ సిమ్‌లు 5జీకి కూడా పనిచేస్తాయి. మీది బాగా పాత పెద్ద సైజు సిమ్ అయితే మాత్రం నానో సైజుకి మార్పించుకోవాలి. కత్తెరతో కోయొద్దు. కొత్త ఫోన్ల ట్రేలో ఇరుక్కుంటే సిమ్‌తోపాటు ట్రే కూడా పాడవుతుంది.

## మొదటి గంట

మొదటిసారి ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టాకే ఆన్ చేయాలంటున్నారు. నిజమేనా?

కాదు. అది పాత రకం బ్యాటరీల నాటి మాట. ఇప్పటి లిథియం బ్యాటరీలకి అవసరం లేదు. డేటా మార్చే ముందు మాత్రం రెండు ఫోన్లలోనూ సగానికి పైగా చార్జింగ్ ఉండేలా చూసుకోండి.

ఆన్ చేయగానే పాత ఫోన్ నుంచి కాపీ చేయాలా అని అడిగింది. కంగారులో స్కిప్ కొట్టేశాను. ఇప్పుడెలా?

కంగారేం లేదు. కొత్త ఫోన్‌లో ఇంకా ఏమీ పెట్టుకోకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లో ఉన్నవన్నీ చెరిపేయడం) చేసి మళ్లీ మొదలుపెట్టడమే శుభ్రమైన పద్ధతి. ఈసారి ‘కాపీ యాప్స్ అండ్ డేటా’ దగ్గర నెక్స్ట్ నొక్కండి. రీసెట్ చేసేది కొత్త ఫోన్‌నే అని రెండుసార్లు చూసుకోండి. రెండూ ఒకే రంగు కవర్లో ఉంటే మరీ జాగ్రత్త.

రీసెట్ ఇష్టం లేకపోతే కంపెనీల సొంత యాప్‌లున్నాయి. శాంసంగ్‌కి స్మార్ట్ స్విచ్, వివోకి ఈజీషేర్, ఒప్పో, రియల్‌మీలకి క్లోన్ ఫోన్, షావోమీకి మి మూవర్. కొత్త ఫోన్ ఏ కంపెనీదో ఆ యాప్‌ని రెండు ఫోన్లలోనూ పెట్టుకోవాలి. ఫోటోలు, కాంటాక్టులు, మెసేజ్‌లు, కాల్ లిస్టు వస్తాయి. బ్యాంకు యాప్‌ల లాగిన్లు ఏ పద్ధతిలోనూ రావు. అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటే.

ఇదివరకు షేరిట్‌తో పంపుకునేవాళ్లం. ఇప్పుడు దొరకడం లేదేంటి?

2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో షేరిట్, జెండర్ కూడా ఉన్నాయి. ఎవరో పంపిన ఫైల్‌తో వాటిని మళ్లీ ఫోన్‌లో పెట్టుకోవద్దు. ఆండ్రాయిడ్‌లో ఇప్పుడు క్విక్ షేర్ ఉంది, నెట్ లేకుండానే పనిచేస్తుంది. రెండు ఫోన్లలోనూ బ్లూటూత్, వైఫై ఆన్ చేసి పక్కపక్కన పెడితే చాలు.

మాది లంక గ్రామం. వైఫై లేదు, నెట్ కూడా అంతంతమాత్రం. ఎలా మార్చుకోవాలి?

రెండు ఫోన్లనీ కేబుల్‌తో కలపండి. రెండు పక్కలా టైప్ సీ పిన్ ఉన్న వైరు ఉంటే నేరుగా పెట్టొచ్చు. పాత ఫోన్‌ది వెడల్పు పిన్ అయితే చిన్న ఓటీజీ ముక్క (వేరే రకం పిన్ తగిలించే అడాప్టర్) కావాలి, ఏ మొబైల్ షాపులోనైనా తక్కువకే దొరుకుతుంది. ఫోటోలు, వీడియోలు, నంబర్లు వైరు మీదుగానే వెళ్తాయి కాబట్టి నెట్ ఖర్చు కాదు.

యాప్‌లు మాత్రం ప్లే స్టోర్ నుంచి దిగాలి. పైగా పెట్టె తెరవగానే కొత్త ఫోన్ పెద్ద సైజు అప్‌డేట్లు కూడా అడుగుతుంది. ఆ పని కోసం అమలాపురమో రావులపాలెమో వెళ్లినప్పుడు వైఫై ఉన్న చుట్టాలింట్లో ఒక పూట కూర్చోవడం మంచిది. రోజువారీ డేటా ప్యాక్ మీద పెడితే మధ్యలో అయిపోయి సగంలో ఆగుతుంది. బస్టాండులో, షాపుల్లో ఊరికే దొరికే వైఫై మీద మాత్రం బ్యాంకు యాప్‌లు తెరవొద్దు.

పాత ఫోన్‌లోని మెమరీ కార్డు కొత్తదాంట్లో పెడితే ఖాళీగా ఉంది, ఫార్మాట్ చేయమంటోంది. ఫోటోలు పోయినట్టేనా?

పోయి ఉండకపోవచ్చు. ఫార్మాట్ మాత్రం నొక్కకండి. పాత ఫోన్‌లో ఆ కార్డుని ‘ఇంటర్నల్ స్టోరేజ్’గా వాడి ఉంటే అది ఆ ఒక్క ఫోన్‌కే తాళం పడి ఉంటుంది. తిరిగి పాత ఫోన్‌లోనే పెట్టండి, ఫోటోలు కనబడతాయి. అక్కడి నుంచి కేబుల్‌తో కొత్త ఫోన్‌కి మార్చుకోండి. ఇలాంటి కార్డు ఉన్నప్పుడు పాత ఫోన్‌ని రీసెట్ చేశారంటే ఆ తాళం తీసే దారి శాశ్వతంగా పోతుంది, ఫోటోలు ఇక తెరుచుకోవు.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వెళ్తున్నాను. వేరే పద్ధతి ఉందా?

పాత ఫోన్‌లో ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్ పెట్టుకోవాలి. ఐఫోన్ మొదటిసారి సెటప్ చేసేటప్పుడే అందులో ‘ఆండ్రాయిడ్ నుంచి డేటా’ అన్నది ఎంచుకోవాలి. వాట్సాప్ చాట్లు కూడా ఆ సమయంలోనే, ఆ యాప్ ద్వారానే వెళ్తాయి. గూగుల్ డ్రైవ్‌లోని వాట్సాప్ బ్యాకప్‌ని ఐఫోన్ తీసుకోదు. సెటప్ అయిపోయాక గుర్తొస్తే ఐఫోన్‌ని రీసెట్ చేయాల్సి వస్తుంది.

## వాట్సాప్

చాట్లు, ఫోటోలు ఒక్కటి కూడా పోకుండా వాట్సాప్ ఎలా మార్చాలి?

రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లే అయితే తేలిక పద్ధతి క్యూఆర్ కోడ్. పాత ఫోన్ వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, ‘ట్రాన్స్‌ఫర్ చాట్స్’ తెరిచి స్టార్ట్ నొక్కండి. కొత్త ఫోన్‌లో వాట్సాప్ పెట్టి, అదే నంబర్‌తో ఓటీపీ కొట్టి, పాత ఫోన్ నుంచి చాట్లు తెచ్చుకుంటారా అన్నప్పుడు సరే అనండి. దానిలో వచ్చిన కోడ్‌ని పాత ఫోన్‌తో స్కాన్ చేస్తే చాట్లు నేరుగా వెళ్తాయి. రెండిట్లోనూ వైఫై ఆన్ చేసి ఉండాలి. పూర్తయ్యేదాకా ఏ ఫోన్‌నీ కదపొద్దు.

పాత ఫోన్ చేతిలో ఉండదనుకుంటే డ్రైవ్ బ్యాకప్ చేసుకోవాలి. చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి, అది ఏ జీమెయిల్‌కి వెళ్తోందో చూసుకుని, ‘ఇంక్లూడ్ వీడియోస్’ కావాలంటే ఆన్ చేసి, బ్యాకప్ నొక్కండి. అక్కడ పడిన తేదీ, సమయం ఈరోజువేనా అని చూడండి. చాలామందికి అక్కడ రెండేళ్ల క్రితం తేదీ ఉంటుంది, ఎప్పుడో ఆగిపోయిన సంగతే తెలీదు. కొత్త ఫోన్‌లో అదే నంబర్, అదే జీమెయిల్ ఉండాలి.

కొత్త ఫోన్ ‘రీస్టోర్’ అని అడిగినప్పుడు తొందరలో స్కిప్ కొట్టినవాళ్లు ఉన్నారు. అలా జరిగితే వెంటనే వాట్సాప్ తీసేసి మళ్లీ పెట్టుకోండి, మళ్లీ అడుగుతుంది. అలాగే వదిలేస్తే ఆ రాత్రి కొత్త ఫోన్ చేసే ఖాళీ బ్యాకప్ పాతదాని మీద పడిపోతుంది. అప్పుడు ఎవరూ తెచ్చివ్వలేరు.

బ్యాకప్‌కి పాస్‌వర్డ్ అడుగుతోంది. నేనెప్పుడు పెట్టానో గుర్తులేదు.

ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసినప్పుడు పెట్టిన పాస్‌వర్డో, 64 అంకెల కీనో అది. పోతే వాట్సాప్ గానీ గూగుల్ గానీ తీసివ్వలేవు. పాత ఫోన్‌లో వాట్సాప్ ఇంకా తెరుచుకుంటుంటే చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని, మళ్లీ బ్యాకప్ చేయండి.

గూగుల్ స్టోరేజ్ ఫుల్ అంటోంది, బ్యాకప్ ఆగిపోయింది. డబ్బు కట్టాల్సిందేనా?

ఉచితంగా వచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, గూగుల్ ఫోటోస్, వాట్సాప్ బ్యాకప్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిచి, పెద్ద వీడియోలు పంపిన గ్రూపులు చూడండి. గుడ్ మార్నింగ్ వీడియోలు, తీర్థం డాన్సులు, రోజువారీ రొయ్యల రేట్ల బొమ్మలు తీసేస్తేనే చాలామందికి సగం ఖాళీ అవుతుంది. పెళ్లి ఫోటోల్లాంటివి పెన్‌డ్రైవ్‌లోకో కంప్యూటర్‌లోకో ముందు కాపీ చేసుకుని ఆ తర్వాతే తీయండి. గూగుల్ ఫోటోస్‌లో చెరిపితే ఫోన్‌లో కూడా పోవచ్చని మర్చిపోవద్దు.

అమ్మాయి మస్కట్ నుంచి వచ్చేసింది. వాట్సాప్ ఇంకా అక్కడి నంబర్ మీదే ఉంది. కొత్త ఫోన్‌కి మారొచ్చా?

పాత ఫోన్‌లో నంబర్ మార్చాకే మారండి. అక్కడి సిమ్ ఆగిపోయినా పాత ఫోన్‌లో వాట్సాప్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. కొత్త ఫోన్‌లో పెట్టబోతే ఓటీపీ ఆ ఒమన్ నంబర్‌కే వెళ్తుంది. అది తెచ్చుకునే దారి లేదు. అందుకని పాత ఫోన్ వాట్సాప్‌లోనే సెట్టింగ్స్, అకౌంట్, ‘చేంజ్ నంబర్’ తెరిచి, పాత నంబర్, కొత్త ఇండియా నంబర్ ఇవ్వండి. గ్రూపులు, చాట్లు అలాగే ఉంటాయి. నంబర్ మారిన సంగతి కాంటాక్టులకి తెలియజేయాలా అని కూడా అడుగుతుంది, సరే అనండి. అక్కడి యజమానులకి, తోటివాళ్లకి విడిగా చెప్పే పని తప్పుతుంది.

ఇది వాయిదా వేయొద్దు. వదిలేసిన నంబర్‌ని కంపెనీ కొన్నాళ్లకి వేరేవాళ్లకి ఇస్తుంది. వాళ్లు ఆ నంబర్‌తో వాట్సాప్ తెరిస్తే మీ ఫోన్‌లో లాగౌట్ అయిపోతుంది.

## బ్యాంకు, యూపీఐ

కొత్త ఫోన్‌లో ఫోన్‌పే, గూగుల్ పే తెరుచుకోవడం లేదు. డబ్బులు పోయాయా?

డబ్బు మీ బ్యాంకులో ఉంటుంది, యాప్‌లో కాదు. ఫోన్ మారినప్పుడు యాప్ ఒక మెసేజ్ తనంతట తనే పంపి, బ్యాంకులో ఇచ్చిన నంబర్ సిమ్ ఈ ఫోన్‌లోనే ఉందా అని చూసుకుంటుంది. చాలాసార్లు ఆ మెసేజ్ వెళ్లకపోవడమే సమస్య. సిమ్ ఇంకా పాత ఫోన్‌లోనే ఉందేమో చూడండి. రెండు సిమ్‌లుంటే బ్యాంకు నంబర్ ఉన్నదాన్నే ఎంచుకోండి. రీచార్జ్ గడువు అయిపోతే మెసేజ్ వెళ్లదు. ఇన్‌కమింగ్ వస్తోంది కదా అని చాలామంది ఈ ఒక్కటీ గమనించరు.

యూపీఐ పిన్ మారదు, పాతదే పనిచేస్తుంది. కొత్త ఫోన్‌లో మొదటి రోజు పంపే మొత్తానికి బ్యాంకులు తక్కువ పరిమితి పెడుతుంటాయి. కాబట్టి రొయ్య పిల్లకో మేతకో కట్టాల్సిన రోజు, కోతల కూలీ ఇవ్వాల్సిన రోజు ఫోన్ మార్చే పని పెట్టుకోవద్దు.

సిమ్ పాడైతే అదే నంబర్‌కి కొత్త సిమ్ తీసుకున్నాను. కాల్స్ వస్తున్నాయి కానీ ఓటీపీలు రావడం లేదు.

సిమ్ మార్చాక 24 గంటలపాటు మెసేజ్‌లు ఆపి ఉంచుతారు. మీకు తెలీకుండా ఎవరైనా మీ నంబర్ మీద సిమ్ తీసుకుని బ్యాంకు ఖాతా ఖాళీ చేయకుండా పెట్టిన నిబంధన ఇది. మర్నాడు అదే సమయానికి వస్తాయి. అలాగే సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా వేరే కంపెనీకి పోర్ట్ అవడం కుదరదు. ఈ నియమం 2024 జూలై 1 నుంచి ఉంది.

బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి, కొత్త ఫోన్‌లో కేవైసీ చేయాలి, ఈ ఫైల్ నొక్కండి అంటున్నారు.

నొక్కొద్దు. ఏ బ్యాంకూ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ లేకుండా నేరుగా యాప్‌ని ఎక్కించే ఫైల్) పంపదు. పీఎం కిసాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో పేరు పెట్టి పంపే ఫైళ్లు కూడా ఇవే. తెరిస్తే మీ మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్తాయి. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా నమ్మొద్దు, వాళ్ల ఫోన్ కూడా అలాగే చిక్కి ఉండొచ్చు.

ఇప్పటికే నొక్కేసి డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి. ఆ నిమిషమే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు వేరే ఖాతాల్లోకి దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకి కూడా చెప్పి ఖాతా ఆపించండి.

ఆధార్, లైసెన్స్, ఆర్సీ పాత ఫోన్‌లో డిజిలాకర్‌లో ఉన్నాయి. మళ్లీ అన్నీ ఎక్కించాలా?

అక్కర్లేదు. కొత్త ఫోన్‌లో డిజిలాకర్ పెట్టి అదే నంబర్‌తో లాగిన్ అయితే అన్నీ ఉంటాయి. ఆధార్‌కి ఇచ్చిన నంబర్ మీ దగ్గర పనిచేస్తూ ఉండాలి, అంతే.

## వాడకం మొదలయ్యాక

రాత్రి చెరువు దగ్గర కరెంటు పోయింది. అలారం కాల్ కొత్త ఫోన్‌లో మోగలేదు. ఎందుకు?

రొయ్యల చెరువున్న ప్రతి ఇంట్లో ఫోన్ మార్చిన రోజే చూసుకోవాల్సిన విషయమిది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది. ఆ సమయంలో నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగి, కరెంటు పోగానే మీ ఫోన్‌కి అలారం పెట్టె చేసే కాల్ మోగకపోతే పంటంతా పోతుంది.

కొత్త ఫోన్లలో రాత్రిపూట చప్పుడు ఆపే ‘డు నాట్ డిస్టర్బ్’, ‘బెడ్‌టైమ్’ లాంటివి ఉంటాయి. సెటప్‌లో తెలీకుండా సరే కొట్టి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో వాటి టైమింగ్ తీసేయండి. అలారం పెట్టెలో ఉన్న సిమ్ నంబర్‌ని ఒక పేరుతో సేవ్ చేసి, స్టార్ గుర్తు పెట్టి, డు నాట్ డిస్టర్బ్‌లో స్టార్ ఉన్నవాళ్ల కాల్స్‌కి అనుమతి ఇవ్వండి. తెలీని నంబర్లని ఆపే స్పామ్ ఫిల్టర్ ఉంటే ఈ నంబర్ దానిలో పడలేదని చూడండి. ఆ నంబర్‌కి వేరే గట్టి రింగ్‌టోన్ పెట్టండి.

అలారం పెట్టె మీ నంబర్‌నే గుర్తుంచుకుంటుంది, ఫోన్‌ని కాదు. ఫోన్ మారితే దానిలో మార్చాల్సిందేమీ లేదు. మీ నంబర్ మారితే మాత్రం దానిలోనూ మార్పించాలి. అన్నీ అయ్యాక రాత్రి పడుకోబోయే ముందు చెరువు కాపలా అతనితో మెయిన్ ఆపించి, కాల్ వస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. మర్నాడు చూద్దాంలే అనుకోవద్దు.

అమ్మకి ఇచ్చాను. అక్షరాలు కనబడటం లేదు, ఇంగ్లీషు అర్థం కావడం లేదంటోంది.

సెట్టింగ్స్‌లో భాష తెలుగు పెట్టండి, డిస్‌ప్లేలో ఫాంట్ సైజు పెంచండి. టైపింగ్‌కి జీబోర్డ్‌లో తెలుగు చేరిస్తే మైకు గుర్తు నొక్కి మాట్లాడినా తెలుగులోనే పడుతుంది. మన యాసని కూడా బాగానే పట్టుకుంటుంది, కాస్త నిదానంగా చెప్పాలి. హోమ్ స్క్రీన్ మీద నలుగురైదుగురి కాల్ బటన్లు ఫోటోలతో పెట్టి, మిగతా యాప్‌లు అక్కడి నుంచి తీసేయండి. పాత ఫోన్‌లో ఏ గుర్తు ఎక్కడ ఉండేదో కొత్తదాంట్లోనూ అక్కడే పెడితే పెద్దవాళ్లకి సగం భయం పోతుంది.

కాల్ రికార్డ్ చేస్తుంటే అవతలివాళ్లకి కూడా వినబడేలా చెబుతోంది. తీసేయొచ్చా?

గూగుల్ ఫోన్ యాప్ ఉన్నవాటిలో ఆ ప్రకటన వస్తుంది. అది వద్దంటే రికార్డింగ్ మానుకోవాలి. దానికోసం తెలీని యాప్‌లు పెట్టుకుని మీ కాల్స్ వాళ్ల చేతిలో పెట్టొద్దు.

కొత్త ఫోన్ వాటర్‌ప్రూఫ్ అన్నారు. చెరువులో పడితే ఏమీ కాదుగా?

ఐపీ68 లాంటి (నీళ్లు, దుమ్ము ఎంత తట్టుకుంటుందో చూసే) పరీక్షలు మంచినీళ్లతో, కొత్త ఫోన్ మీద చేస్తారు. మన రొయ్యల చెరువుల్లో ఉప్పునీళ్లు, అడుగున బురద. నీళ్లు తగిలి పాడైతే ఎక్కువ కంపెనీల వారంటీ కూడా వర్తించదు. పడితే వెంటనే తీసి, స్విచాఫ్ చేసి, పొడిగుడ్డతో తుడిచి, చార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, ఫ్యాను గాలికి పెట్టండి. పూర్తిగా ఆరేదాకా చార్జర్ పెట్టొద్దు. తడి మీద కరెంటు పాకితే పిన్నులు తుప్పు పడతాయి. బియ్యం డబ్బాలో కూడా పెట్టొద్దు, నూక, పొడి లోపలికి పోతాయి. ముసురు పట్టిన రోజుల్లో ఊరికే గాలి తేమకే చార్జింగ్ దగ్గర తడి ఉందని హెచ్చరిక వస్తుంటుంది, అప్పుడూ ఇదే పద్ధతి.

## పాత ఫోన్ సంగతి

పాత ఫోన్ ఎన్నాళ్లు ఉంచుకోవాలి?

కనీసం ఒక నెల. నెలలో ఒకసారే తెరిచే యాప్‌లు ఉంటాయి. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, ఎల్‌ఐసీ, పిల్లల స్కూల్ యాప్ ఒక్కొక్కటీ కొత్త ఫోన్‌లో తెరుచుకున్నాక నిశ్చింత. ఆ తర్వాత కూడా బాగా పనిచేస్తుంటే ఇంట్లో ఉంచి, వేరే కంపెనీ సిమ్ వేసి పెట్టండి. జూలై, ఆగస్టుల్లో వరద వచ్చి లంకల్లో కరెంటు పోయినప్పుడు ఒక నెట్‌వర్క్ ఆగినా రెండోది అందుతుంది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తుంటే మాత్రం దాచొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, సర్వీస్ సెంటర్లో ఇచ్చేయండి.

డిస్‌ప్లే పగిలి నల్లగా అయిపోయింది. లోపలి ఫోటోలు తీయొచ్చా?

టచ్ పోయి బొమ్మ కనబడుతుంటే ఓటీజీ ముక్కతో కంప్యూటర్ మౌస్ తగిలించండి. తెర మీద బాణం గుర్తు వస్తుంది, దానితో లాక్ తీసి బ్యాకప్ చేయొచ్చు. బొమ్మే కనబడకపోతే తక్కువ ఖర్చు డిస్‌ప్లే వేయించి, డేటా తీసుకోవడమే దారి. రిపేర్ అయ్యేదాకా షాపులో మీరే కూర్చోండి. లాక్ పిన్ కాగితం మీద రాసి ఇచ్చి రావొద్దు.

పాతది అమ్మేముందు రీసెట్ చేస్తే సరిపోతుందా?

ముందు సిమ్, మెమరీ కార్డు తీయండి. బ్యాంకు యాప్‌లలో లాగౌట్ అవండి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ దగ్గర గూగుల్ అకౌంట్‌ని తీసేయండి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. అకౌంట్ తీయకుండా రీసెట్ చేస్తే కొన్నవాళ్లు ఆన్ చేయగానే మీ జీమెయిల్ పాస్‌వర్డ్ అడగొచ్చు. వాళ్లు మీకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ చెప్పమంటారు, అది చెప్పే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఐఫోన్ అయితే ‘ఫైండ్ మై’ ఆపి, ఐక్లౌడ్ నుంచి సైనౌట్ అవ్వాలి.

బస్సులో పాత ఫోన్ కొట్టేశారు. ఇంకా ఏదీ మార్చుకోలేదు.

ముందు సిమ్ ఆపించి, అదే నంబర్‌కి కొత్తది తీసుకోండి. బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ ఆపించండి. ఇంకో ఫోన్‌లో మీ జీమెయిల్‌తో గూగుల్ ‘ఫైండ్ మై డివైస్’ తెరిచి (ఇప్పుడు దాని పేరు ఫైండ్ హబ్) లాక్ చేయండి. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో సంచార్ సాథీలో ఫోన్‌ని బ్లాక్ చేయించండి. 2023 మే నుంచి ఈ సదుపాయం దేశమంతా ఉంది. దానికి ఐఎంఈఐ నంబర్ కావాలి, కొన్న పెట్టె మీద, బిల్లు మీద ఉంటుంది. గూగుల్‌లోకి ఎక్కిన ఫోటోలు, కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్ ఎలాగూ కొత్త ఫోన్‌లోకి వస్తాయి.

ఊళ్లోకి మైకు పెట్టుకుని వచ్చి పాడైపోయిన సెల్‌ఫోన్లు తీసుకుని ప్లాస్టిక్ సామాను ఇస్తున్నారు. ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. మీ దగ్గర ఆన్ కాని ఫోన్ ఇంకొకరి చేతిలో బాగు చేస్తే ఆన్ అవుతుంది. అందులో మీ ఫోటోలు, బ్యాంకు మెసేజ్‌లు అలాగే ఉంటాయి. ఆ ఫోన్‌ని మోసాలకి వాడితే ఐఎంఈఐ మీ బిల్లు మీదే ఉంటుంది కాబట్టి పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. ఆన్ కాని ఫోన్‌ని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లో ఇ-వేస్ట్ కింద ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. కొన్న పాత బిల్లుతో కలిపి ఆ రసీదుని దాచండి.